వాడి పని వాణ్ని చేసుకోనివ్వండి



ఢిల్లీలో ఓల్డ్ రాజిందర్ నగర్ అనగానే మనవాళ్లకి గుర్తొచ్చేది సివిల్స్ కోచింగ్. కరోల్ బాగ్ మెట్రోలో దిగి అటువైపు నడిస్తే గోడల నిండా ర్యాంకులు తెచ్చుకున్నవాళ్ల ఫొటోలు, అంతస్తు మీద అంతస్తుగా పీజీ గదులు, అడుగడుగునా జిరాక్స్ షాపులు. టీ కొట్టు దగ్గర కాసేపు నిలబడితే చాలు, తెలుగు వినపడుతుంది. శ్రీకాకుళం నుంచీ ఆదిలాబాద్ నుంచీ వచ్చిన పిల్లలు. వీళ్లలో చాలామందికి ఇల్లు వదిలి సొంతంగా బతకడం ఇక్కడే మొదలు. బట్టలు ఉతుక్కోవడం, కుక్కర్లో బియ్యానికి నీళ్లెన్ని పోయాలో తెలుసుకోవడం, ఇంటినుంచి వచ్చిన డబ్బు నెలాఖరుదాకా సరిపెట్టుకోవడం, ఇవన్నీ ఇరవై దాటాక నేర్చుకుంటారు. మొదట్లో అన్నం మాడుతుంది, తెల్ల చొక్కాకి రంగంటుకుంటుంది. వాళ్లనెవరూ ఏమీ అనరు. అలవాటవుతుందిలే అంటారు.

అదే పేటలో ఒక ఇంట్లో బుద్ధిమాంద్యం ఉన్న పదహారేళ్ల అబ్బాయి ఉంటాడు. మీసం వస్తోంది. స్నానం అమ్మ చేయిస్తుంది, అన్నం కలిపి పెడుతుంది, చొక్కా గుండీలు నాన్న పెడతాడు. దాహమని అడక్కముందే మంచినీళ్ల గ్లాసు చేతికొస్తుంది. ప్రేమకి ఏ లోటూ లేదు. కానీ అన్నం మాడ్చుకునే అవకాశం వాడికి ఎవరూ ఇవ్వరు. "వాడికి రాదండీ" అన్న మాట దగ్గరే అంతా ఆగిపోతుంది.

ఇలాంటి పిల్లలకి చదువు చెప్పడం నా వృత్తి. ఈ పూట నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. వీళ్లు బతకడం నేర్చుకోవడానికి తగిన బడి వాళ్లు ఉండే వీధే. అక్కడ, నిజమైన వస్తువులతో, నిజమైన డబ్బుతో నేర్పి, సమయం చూసి మన చెయ్యి వెనక్కి తీసుకుంటే, వీళ్లు మనం అనుకున్నదానికన్నా చాలా ఎక్కువ చేస్తారు.

2016 దివ్యాంగుల హక్కుల చట్టం బుద్ధిమాంద్యాన్ని రెండు విషయాలు కలిపి నిర్వచిస్తుంది. ఆలోచించడంలో, నేర్చుకోవడంలో, చిక్కు వస్తే విప్పుకోవడంలో బాగా వెనకబడి ఉండటం ఒకటి. రోజువారీ పనుల్లో, నలుగురిలో మెలగడంలో వెనకబడి ఉండటం రెండోది. తల్లిదండ్రులు నా దగ్గరికి వచ్చినప్పుడు మొదటిదాని గురించే అడుగుతారు. ఐక్యూ ఎంత, పెరుగుతుందా అని. ఆ అంకెతో మనం చేయగలిగింది తక్కువ. రెండోది మాత్రం మన చేతుల్లో ఉంది, నేర్పితే మారుతుంది. 2011 జనాభా లెక్కల్లో ఈ వైకల్యం ఉన్నవాళ్లుగా నమోదైనవారు దేశంలో 15 లక్షల పైచిలుకు. అన్ని ఇళ్లలోనూ ఈ రెండోదాని మీద పని జరగాలి.

ఈ విద్యలో తెలుగు నేలకి మంచి పేరుంది. హైదరాబాద్‌లో ఠాకూర్ హరిప్రసాద్ సంస్థ 1968లోనే మొదలైంది. సికింద్రాబాద్ బోయిన్‌పల్లి దగ్గర మనోవికాస్ నగర్‌లో కేంద్ర ప్రభుత్వం 1984లో ఈ పిల్లల కోసమే ఒక జాతీయ సంస్థని పెట్టింది. పేరు మారి ఇప్పుడు దాన్ని నీపిడ్ అంటున్నాం. పిల్లవాడు ఏం చేయగలడు, తర్వాత ఏం నేర్పాలి అని చూసుకోవడానికి దేశంలో ఎన్నో ప్రత్యేక పాఠశాలలు వాడే పరిశీలన పట్టికలు అక్కడ తయారైనవే. ఆ పట్టికలు వయసు పెరిగేకొద్దీ అక్షరాల నుంచి పనివైపు మళ్లుతాయి. ఇళ్లలో, కొన్ని బడుల్లో కూడా ఈ మళ్లడమే జరగదు. పదిహేడేళ్ల అమ్మాయి చేత ఇంకా పూసలు గుచ్చిస్తూ, బాతుబొమ్మకి రంగులు వేయిస్తూ ఉంటారు.

అమెరికాలో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో లూ బ్రౌన్ అనే ఆచార్యుడు 1970లలోనే దీనికో గీటురాయి ఇచ్చాడు. ఒక పని నేర్పబోయే ముందు చూసుకోమన్నాడు: ఈ పిల్లవాడు ఆ పని చేయకపోతే వాడి బదులు ఇంకొకరు చేయాల్సి వస్తుందా? బాతుకి రంగు వేయకపోతే ఎవరూ వేయక్కర్లేదు. పళ్లు తోముకోకపోతే, తిన్న కంచం కడగకపోతే, పాలు తేకపోతే ఇంకొకరు ఆ పని చేసి తీరాలి. ఏ పని నేర్పాలో తేల్చుకోవడానికి ఇంతకంటే పనికొచ్చే ప్రశ్న నాకు దొరకలేదు.

పాల సంగతే తీసుకుందాం. ఢిల్లీలో మదర్ డెయిరీ బూత్‌లలో విడిపాలు అమ్మే మిషన్ ఉంటుంది. టోకెన్ కొనుక్కుని, గిన్నె కింద పెట్టి, టోకెన్ వేస్తే పాలు పడతాయి. మనకి అది ఒక్క పని. నేర్చుకునేవాడికి పది పన్నెండు పనులు. క్యాన్ తీసుకోవాలి, డబ్బు జేబులో పెట్టుకోవాలి, తలుపు దగ్గరికి వేయాలి, సందు చివర ఆగి రెండువైపులా చూడాలి, బూత్ దగ్గర వరసలో నిలబడాలి, డబ్బిచ్చి టోకెన్ తీసుకోవాలి, క్యాన్ మూత తీయాలి, ధార పడేచోట సరిగ్గా పెట్టాలి, టోకెన్ వేయాలి, ధార పూర్తిగా ఆగేదాకా ఉండాలి, మూత బిగించాలి, ఒలకకుండా ఇంటికి తేవాలి. మీ ఇంటి మెట్లనిబట్టి, మీ సందునిబట్టి ఈ వరస మారుతుంది. అందుకే కాగితం మీద రాసుకునే ముందు మీరే ఒకసారి వెళ్లి పాలు తెచ్చుకుంటూ, ఎక్కడెక్కడ చెయ్యి కదిలింది, ఎక్కడెక్కడ కన్ను తిరిగింది అని గమనించుకోవాలి.

ఇలాంటి పనిని నేను చివరి మెట్టు నుంచి వెనక్కి నేర్పుతాను. మొదటి వారమంతా అన్నీ అమ్మే చేస్తుంది. మూత బిగించి క్యాన్ ఇంటికి మోసుకురావడం మాత్రం వాడిది. అంటే పని పూర్తిచేసే ఘట్టం ప్రతిరోజూ వాడి చేతిమీదుగా జరుగుతుంది. పాలు తెచ్చింది వాడు. ఇంట్లో కాఫీ తాగినవాళ్లంతా ఆ మాట అనాలి కూడా. అది కుదురుకున్నాక టోకెన్ వేయడం, ఆ తర్వాత క్యాన్ సరైన చోట పెట్టడం, ఆ తర్వాత టోకెన్ కొనడం. సాయం కూడా మెల్లగా సన్నబడాలి. మొదట చెయ్యి పట్టుకుని చేయిస్తాం, తర్వాత వేలితో చూపిస్తాం, తర్వాత నోటితో చెప్తాం, ఆఖరికి ఊరుకుంటాం.

ఆ ఊరుకోవడం ఉందే, తల్లులకి అన్నిటికంటే కష్టమైన పాఠం అదే. పిల్లవాడు క్యాన్ పట్టుకుని మిషన్ వంక చూస్తూ నిలబడిపోతాడు. వెనకాల వరసలో జనం. "వెయ్యి నాన్నా, టోకెన్ వెయ్యి" అని అమ్మ నోట్లోంచి వచ్చేస్తుంది. అలా చెప్పినన్నాళ్లూ వాడు టోకెన్ కోసం చూడడు, అమ్మ మాట కోసం చూస్తాడు. నేను తల్లుల్ని రెండడుగులు వెనక్కి జరిగి, మనసులో పది అంకెలు లెక్కపెట్టుకోమంటాను. ఒకమ్మాయి తల్లి ఆరు దాకా లెక్కపెట్టేసరికి ఆ పిల్ల తనంతట తనే టోకెన్ వేసింది. ఆవిడ అక్కడే కళ్లు తుడుచుకుంది.

మన పిల్లలకి ఢిల్లీలో ఇంకో చిక్కుంది. ఇంట్లో తెలుగు, వీధిలో హిందీ. పెద్ద వాక్యాలు నేర్పే పని పెట్టుకోవద్దు. "భయ్యా, ఏక్ లీటర్ కా టోకెన్." రోజూ అవే మాటలు, అదే వరసలో. బూత్‌లో ఉండే మనిషితో ముందుగా మాట్లాడి పెట్టుకోండి. తొందరపెట్టొద్దని, ఎదురు ప్రశ్నలు వేయొద్దని, టోకెన్ మాత్రం వాడి చేతికే ఇవ్వమని. నాకు తెలిసినంతలో దుకాణాలవాళ్లు ఈ విషయంలో చాలా ఓపికగా ఉంటారు. అడగాలి, అంతే.

డబ్బు నేర్పడానికి లెక్కలు వచ్చేదాకా ఆగక్కర్లేదు. కొత్త నోట్ల రంగులు మనకి బాగా కలిసొస్తాయి. వంద లేత ఊదా, రెండొందలు పసుపు, అయిదొందలు బూడిద రంగు. టోకెన్‌కి ఒక సంచి, అందులో సరిపడే నోటు. కూరలకి ఇంకో సంచి. చిల్లర తిరిగి తీసుకోవడం తర్వాత మెట్టు. ఇప్పుడు ఫోన్ చూపించి డబ్బు కట్టడం వచ్చింది కదా అంటారు. మంచిదే, కానీ ఆ ఫోన్‌కి ముడిపెట్టిన ఖాతాలో కొద్ది మొత్తమే ఉంచండి, మిగతాది వేరే ఖాతాలో ఉండనివ్వండి. ఆంధ్రప్రదేశ్‌లో దివ్యాంగుల పింఛను 2024 నుంచి నెలకి 6,000 రూపాయలు చేశారు. అలాంటి పింఛను వచ్చే ఇళ్లలో నేను అడిగేది, అందులో వందో రెండొందలో ప్రతినెలా పింఛను పొందే పిల్ల చేత్తోనే, ఆ పిల్లకి నచ్చిన దానికే ఖర్చు కావాలని. కొన్నది మనకి పనికిమాలిందిగా కనిపించినా సరే.

భద్రత గురించి కూడా చెప్పాలి. ఈ పేట సందుల్లో కరెంటు తీగలు తలకి తగిలేంత కిందకి వేలాడతాయి, వానొస్తే మోకాలి లోతు నీళ్లు నిలుస్తాయి. 2024 జూలైలో ఇక్కడే ఒక కోచింగ్ సెంటర్ బేస్‌మెంట్‌లోకి వాననీళ్లు దూసుకొచ్చి ముగ్గురు విద్యార్థులు చనిపోయారు. నీళ్లు కనిపిస్తే దిగకూడదు, కరెంటు స్తంభాన్ని ముట్టుకోకూడదు, బేస్‌మెంట్ మెట్లు దిగకూడదు, వెనక్కి ఇంటికి రావాలి. ఈ నాలుగూ వానాకాలం రాకముందే, ఆ స్తంభం దగ్గరికే తీసుకెళ్లి నేర్పాలి. జేబులో చిరునామా చీటీ ఉండాలి. దారి తప్పితే ఏ దుకాణంలోకి వెళ్లి ఆ చీటీ చూపించాలో కూడా అలవాటు చేయాలి.

ఆడపిల్లల విషయం రేడియోలో చెప్పడానికి కొందరు సంకోచిస్తారు. నేను సంకోచించను. నెలసరి వచ్చే వయసు దగ్గరపడుతోందంటే తల్లుల గుండెల్లో రాయి పడుతుంది. కొందరు చెవిలో అడుగుతారు, గర్భసంచి తీయించేస్తే పోదా అని. ఆ ఆలోచన ఎక్కడిదాకా పోయిందో ఈ దేశం చూసింది. 1994లో మహారాష్ట్రలోని శిరూర్ ప్రభుత్వ వసతిగృహంలో ఉన్న బుద్ధిమాంద్యం గల స్త్రీలు కొందరికి పుణె ససూన్ ఆసుపత్రిలో గర్భసంచులు తీసేశారు. నెలసరి శుభ్రత పాటించలేకపోతున్నారన్నది చెప్పిన కారణం. నిరసనలు వెల్లువెత్తాకే అది ఆగింది. ఓపికతో నేర్పవలసిన పనికి బదులు ఆపరేషన్ చేశారు. నాకు ఇప్పటికీ కోపం వచ్చే సంగతి ఇది.

నేర్పే తీరు ఇదీ. నెలసరి రాకముందే మొదలుపెట్టాలి. ప్యాడ్ మీద ఎర్రసిరా చుక్కలు వేసి, లోదుస్తులకి అంటించడం, తీయడం, కాగితంలో చుట్టి డబ్బాలో వేయడం, చేతులు కడుక్కోవడం వారానికి రెండుసార్లు చేయించాలి. ప్యాడ్ ఎక్కడ అంటించాలో తెలిసేలా లోదుస్తు మీద దారంతో గుర్తు కుట్టండి. గోడ క్యాలెండర్ మీద ఎర్రచుక్క పెట్టే పని ఆమెదే. మార్చుకునే వేళకి టిఫినో భోజనమో గుర్తుగా పెట్టండి, గడియారం చూడటం రాకపోయినా ఫర్వాలేదు. దానితోపాటే, అబ్బాయిలకీ అమ్మాయిలకీ, ఏ పని తలుపు వేసుకుని చేయాలి, ఒంట్లో ఏ చోట ఎవరూ ముట్టుకోకూడదు, ఎవరైనా ముట్టుకుంటే గట్టిగా "వద్దు" అని వచ్చేసి ఎవరికి చెప్పాలి అన్నది నేర్పాలి. పదహారేళ్లదాకా ప్రతి మాటకీ "ఊఁ" అనమని పెంచిన పిల్ల, అవసరం వచ్చిన రోజున "వద్దు" అనలేదు. అందుకే ఇంట్లో చిన్న చిన్న వాటికి వాళ్లు వద్దంటే ఆ మాట చెల్లనివ్వాలి. ఈ కూర వద్దు, ఈ చొక్కా వద్దు అన్నప్పుడు కూడా.

ఇక పని. 1972లో మార్క్ గోల్డ్ అనే అమెరికన్ పరిశోధకుడు మధ్యస్థ, తీవ్ర బుద్ధిమాంద్యం ఉన్నవాళ్లకి 15 భాగాల సైకిల్ బ్రేకు బిగించడం నేర్పాడు. తర్వాత 24 భాగాలది ఇచ్చాడు. అప్పటిదాకా అలాంటివాళ్ల చేత కవర్లు మడతపెట్టించడమే గొప్ప అనుకునేవారు. ఆయన మాటలు బాగా తగ్గించేశాడు. కొందరికి ఇచ్చిన భాగాలకి, పైకి కనపడాల్సిన వైపున రంగు పూశాడు. రంగు కనపడేలా పెడితే సరిగా పెట్టినట్టే. దాదాపు అందరూ నేర్చుకున్నారు. నేర్చుకోలేకపోతే ఆ లోపం నేర్పే పద్ధతిలో వెతకమని ఆయన జీవితమంతా చెప్పాడు. నా వృత్తిలో నాకు దిక్సూచి ఆ మాటే.

ఓల్డ్ రాజిందర్ నగర్‌లో సైకిల్ బ్రేకుల పని లేదు. స్పైరల్ బైండింగ్ ఉంది. వేలమంది పిల్లలు నోట్సులు అచ్చు వేయించుకునే చోటు ఇది. కింద నల్ల అట్ట, మధ్యలో కాగితాలు, పైన పారదర్శకమైన షీటు. కొద్దికొద్దిగా తీసుకుని అంచు సమం చేసి మిషన్లో పెట్టి చిల్లులు కొట్టాలి. చిల్లులన్నీ ఒకదానిమీదొకటి వచ్చేలా పేర్చి ప్లాస్టిక్ స్ప్రింగు తిప్పుతూ ఎక్కించాలి. రెండు చివర్లా కత్తిరించి వంచాలి. ఇందులో ప్రతి మెట్టూ నేర్పగలిగేదే. తడబాటు వచ్చేది కాగితాలు ఎన్ని తీసుకోవాలన్న చోట. అక్కడ లెక్కతో పని లేకుండా, చిల్లుల మిషన్ పక్కన ఒక అట్టముక్క మందాన్ని కొలతగా పెడితే చాలు. అలాగే తెలుగు మెస్సుల్లో పార్సిల్ కట్టడం ఉంది. అన్నం, పప్పు, కూర, పచ్చడి, పెరుగు, ఈ అయిదూ సంచిలోకి చేరాయో లేదో చూసుకోవడానికి బల్లమీద అయిదు గళ్లు గీసి, ఒక్కో గడిలో ఒక్కోటి పెట్టి, గళ్లన్నీ ఖాళీ అయ్యేదాకా సంచి ముడి వేయకూడదని నేర్పితే సరిపోతుంది. రీడింగ్ రూముల్లో రాత్రి కుర్చీలు సర్దడం, నీళ్ల క్యాన్లు మార్చడం ఉన్నాయి. ఈ పేటలో పనులకి కరువు లేదు.

ఢిల్లీలోనే వసంత్ కుంజ్ దగ్గర ముస్కాన్ అనే సంస్థ ఉంది. ఈ పిల్లల తల్లిదండ్రులే కలిసి పెట్టుకున్నది. అక్కడ పెద్దయిన పిల్లలు మసాలాలు, తినుబండారాలు తయారుచేసి అమ్ముతారు. 2023 నవంబరులో సుప్రీంకోర్టు ఆవరణలోనే మిట్టీ కెఫే తెరిచారు. దాన్ని నడిపేది రకరకాల వైకల్యాలున్నవాళ్లు. నాకు ఈ రెండూ ఇష్టమే. అయినా నా మనసు మొగ్గేది వీధి చివరి జిరాక్స్ షాపువైపు. ప్రత్యేక కేంద్రంలో అందరూ తనలాంటివాళ్లే ఉంటారు. షాపులో తోటి కుర్రాడితో టీ తాగుతాడు, యజమాని చేత ఒక మాట పడతాడు, పండక్కి బోనస్ అడుగుతాడు. పనిచోటనే పని నేర్పాలి, నేర్పే టీచర్ మొదటి వారాలు పక్కనే ఉండి మెల్లగా తప్పుకోవాలి. ఇచ్చేది జీతమై ఉండాలి. "పాపం, కాలక్షేపంగా ఉంటుందని పెట్టుకున్నాం" అంటూ చేతిలో పది రూపాయలు పెట్టడం నాకు నచ్చదు. తారీఖు ప్రకారం, పని ప్రకారం, వాడి ఖాతాలో.

ప్రభుత్వోద్యోగాల్లో దివ్యాంగులకి ఉన్న 4 శాతంలో 1 శాతం బుద్ధిమాంద్యం, ఆటిజం, మానసిక రుగ్మత వంటి వాటన్నిటికీ కలిపి ఉంది. అది హక్కు, అడగాలి. కానీ కొన్ని రాయితీల రాత నన్ను బాధపెడుతుంది. రైల్లో మన పిల్లలకి స్లీపర్ టికెట్టులో 75 శాతం రాయితీ ఉంది, తోడు వచ్చేవాళ్లకీ ఉంది. మంచిదే. అయితే ఆ సర్టిఫికెట్టు మీద, తోడు లేకుండా ప్రయాణం చేయలేడని డాక్టరు రాయాలి. ఒంటరిగా ప్రయాణం చేయడం నేర్చుకున్నవాడు రాయితీ వదులుకోవాలన్నమాట. నేర్చుకున్నందుకు నష్టపోయే పద్ధతి మారాలి.

చివరగా, ఈ పేటలో కూర్చుని చదువుకుంటున్న మన తెలుగు పిల్లలకి ఒక విన్నపం. జనరల్ స్టడీస్ రెండో పేపర్ కోసం బలహీన వర్గాల చట్టాలన్నీ మీరు చదువుతారు. 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టం కూడా అందులో ఉంటుంది. పద్దెనిమిదేళ్లు నిండిన ఇలాంటి పిల్లలకి సంరక్షకుణ్ని నియమించేది ఆ చట్టం కింద జిల్లాలో ఏర్పడే స్థానిక కమిటీ. అందులో కలెక్టరు స్థాయి అధికారి ఒకరు, నమోదైన సంస్థ తరఫున ఒకరు, వైకల్యం ఉన్న వ్యక్తి ఒకరు ఉంటారు. 2009లో చండీగఢ్‌లో ప్రభుత్వ ఆశ్రయంలో ఉన్న స్వల్ప బుద్ధిమాంద్యం గల ఒక యువతి బిడ్డని కనాలనుకుంటే, అధికారులు వద్దన్నారు, హైకోర్టు గర్భస్రావానికి ఆదేశించింది. సుప్రీంకోర్టు ఆ ఆదేశాన్ని ఆపి, ఆమె సమ్మతి లేకుండా కుదరదని చెప్పింది. ఇలాంటి ఫైళ్లు రేపు మీలో కొందరి బల్లమీదికి వస్తాయి.

ఆ కమిటీ రెండు విషయాలు చూడాలని చట్టంలోనే ఉంది. ఈ మనిషికి సంరక్షకుడు కావాలా? కావాలంటే ఏ ఏ పనులకి? గదిలో తండ్రి మాట్లాడతాడు, మేనమామ మాట్లాడతాడు, గుమాస్తా సంతకం పెట్టే చోటు చూపిస్తాడు. మీరు ఆ అమ్మాయినో అబ్బాయినో అడగండి. ఎవరితో ఉండాలనుంది, జీతం ఏం చేస్తున్నావు, ఏ పని నీ అంతట నువ్వు చేసుకోగలవు, దేనికి సాయం కావాలి అని. జవాబు ఆలస్యంగా వచ్చినా ఆగండి. వచ్చిన జవాబు వాళ్ల మాటల్లోనే ఫైల్లో రాయించండి, సాయం కావాలన్న పనుల వరకే సంరక్షకుణ్ని నియమించండి.